ఎక్కడ పెట్టాలో అడిగే పేజీ

మా షాపుకు రెండు రకాల కార్డుల కోసం జనం వస్తారు. పెళ్లి కార్డుకు వచ్చినవాళ్లు నా ప్రాణం తోడేస్తారు. అక్షరాలు ఇంకా లావు కావాలంటారు, మేనత్త పేరు పైకి జరపమంటారు, గణపతి మొహంలో కళ లేదంటారు. చనిపోయినవాళ్ల దినాల కార్డుకు వచ్చినవాళ్లు ఏదీ అడగరు. పేరు, తారీఖు రాసుకొచ్చిన కాగితం చేతిలో పెట్టి గోడకు ఆనుకుని నిలబడతారు. నేను ఏది చూపిస్తే దానికి తలూపుతారు. ఎల్లారెడ్డి బస్టాండు వెనక పదహారేళ్లుగా ఈ టైపింగు, జిరాక్సు షాపు నడుపుతున్నాను కాబట్టి, మనిషి మెట్లెక్కే తీరు చూసి ఏ కార్డుకు వచ్చాడో చెప్పేయగలను.

పోయిన నెల ఒకతను అలాగే మెల్లగా మెట్లెక్కాడు. ముప్పై అయిదేళ్లుంటాయి. కామారెడ్డి నుంచి మొదటి బస్సుకు వచ్చానన్నాడు. కామారెడ్డిలో ఇన్ని షాపులుండగా ఇంతదూరం ఎందుకొచ్చావయ్యా అని నోటిదాకా వచ్చింది గానీ, దినాల కార్డు కదా అని ఊరుకున్నాను. కాగితం తీసుకుని పేరు చూశాను. మా దిక్కు ఆ పేరు ఊరికి నలుగురికి ఉంటుంది. ఏమీ అనిపించలేదు.

"ఫోటో తెచ్చినవా తమ్మీ?" అన్నాను.

"ఫోటో మీ దగ్గర్నే ఉన్నదట అక్కా. మా బావ కంప్యూటర్లు బాగుచేసేటోడు. 'ఎల్లారెడ్డిల మా చెల్లె షాపుల, డీ డ్రైవ్‌ల నా ఫోటో మంచిగ ఉన్నద'ని మా అక్కతోని అంటుండెనట. ఇంట్ల ఎంత దేవులాడినా ఒక్క మంచి ఫోటో దొర్కలే."

కాగితం మీది పేరు ఎవరిదో అప్పుడు తెలిసింది. "ఏమైంది ఆయనకు?" అన్నాను.

"గుండెపోటు అక్కా. హైదరాబాద్‌ల ఉండె. ఎనిమిది నెలలాయె ఆడికి పనికి పోయి."

ఆయన హైదరాబాద్ పోయిన సంగతే నాకు తెలియదు. ఈ మధ్య రావడం లేదేమిటి అని రెండు మూడుసార్లు అనుకున్న మాట నిజం. ఫోన్ చేసి కనుక్కోవాలని మాత్రం తోచలేదు. కంప్యూటరు బాగానే నడుస్తోంది మరి!

ఆ పేరు ఆ రోజు నల్లటి గీతల మధ్య పెద్ద అక్షరాల్లో నా చేతులతో టైపు చేశాను. ఇక్కడ మళ్లీ రాయలేను. పదేళ్ల పరిచయంలో ఆయన్ని పేరు పెట్టి పిలిచిందీ లేదు. అన్నా అనేదాన్ని, చెల్లె అనేవాడు.

పొడుగు మనిషి. మా షటరు కింద నుంచి తల వంచకుండా రాలేడు. వంచినా ఒక్కోసారి తగిలేది. తగిలినప్పుడు తన తల కాక షటరును తడిమి చూసేవాడు, దానికేమన్నా అయిందేమో అన్నట్టు. చెప్పులు బయట విడిచేవాడు. "అన్నా, ఇదేమన్న గుడా?" అంటే, "దుమ్ము చెల్లె, దుమ్ము. మిషిన్లకు దుమ్మే దుష్మన్" అనేవాడు. వచ్చీ రాగానే నీళ్లడిగి, తాగిన గ్లాసును కిటికీ గూట్లో బోర్లించేవాడు. ఆ గ్లాసు కనబడితే చాలు, నేను లేనప్పుడు ఆయన వచ్చి పోయాడని తెలిసిపోయేది.

స్క్రూలన్నీ హోమియో మందుల సీసాల్లో పోసుకునేవాడు. సీసా మూత తీసినప్పుడు ఇంకా ఆ తియ్యటి వాసన వచ్చేది. కంప్యూటరు డబ్బా విప్పే ముందు దాని మీద రెండుసార్లు చేత్తో తట్టేవాడు. పాలు పితికే ముందు మా అవ్వ బర్రె వీపు అలాగే తట్టేది.

ఇంకో అలవాటుండేది. ఎవరి కెమెరా బాగుచేసినా, ఎవరి కంప్యూటరుకు కొత్త కెమెరా పెట్టినా ముందు తన మొహమే ఫోటో తీసి చూసుకునేవాడు. దాన్ని ఆ కంప్యూటరు డీ డ్రైవ్‌లో 'టెస్ట్' అని ఒక ఫోల్డరు, ఆయన మాటలో డబ్బా, చేసి అందులో దాచేవాడు. "నీ మొహం నాకెందుకన్నా, తీసెయ్" అని ఒకసారి కసిరాను. "ఉండనీ చెల్లె. ఎంత జాగ పడ్తది?" అన్నాడు. ఇక్కడి నుంచి బీబీపేట దాకా ఎన్ని బడుల్లో, ఎన్ని షాపుల్లో, ఎన్ని డీ డ్రైవ్‌లలో ఆ మొహం కూర్చుని ఉందో లెక్క తెలియదు. ఇంట్లో మాత్రం ఒక్క ఫోటో లేదట.

డీ డ్రైవ్ అంటే ఆయనకు అంత ఇది. ఆ సంగతి నాకు అర్థమైంది ఒక పెళ్లిళ్ల కాలంలో.

ఆ రోజు పెళ్లికూతురి తండ్రి నా పక్కనే కూర్చుని కార్డు దిద్దిస్తున్నాడు. సాయంత్రానికి కార్డులు చేతికి రావాలి, రాత్రికి బంధువుల ఊళ్లకు బయల్దేరాలి. సరిగ్గా అప్పుడే కంప్యూటరు మొండికేసింది. సీ డ్రైవ్‌లో జాగా లేదని ఒకటే గోల. సేవ్ కొడితే కాదు, ప్రింట్ కొడితే కాదు. ఫోన్ చేశాను.

"అన్నా, నా కొంప మునిగింది!"

"ఏం మునగలే. ఏం ముట్టకు, బంద్ చేయకు. బస్సెక్కుతున్న."

కామారెడ్డి నుంచి లింగంపేట మీదుగా బస్సు వచ్చేసరికి మధ్యాహ్నమైంది. చెప్పులు విడిచాడు, నీళ్లు తాగాడు, గ్లాసు బోర్లించాడు. నేనేమో ఇక్కడ నిప్పుల మీద ఉన్నాను. తెరమీద సీ గీత ఎర్రగా నిండిపోయి ఉంది. కింద డీ గీత తెల్లగా ఖాళీ.

"చూడు," అన్నాడు. "సీల కుక్కి కుక్కి పెట్టినవు. డీలకు ఎవ్వలు పోనే పోలే."

"నేను సీల ఏం పెట్టలే అన్నా. అన్నీ డెస్క్‌టాప్ మీదనే పెడ్తున్న."

"డెస్క్‌టాప్ అంటే సీనే చెల్లె!" అని నెత్తి కొట్టుకున్నాడు. తర్వాత పెళ్లికూతురి తండ్రి వైపు తిరిగి, ఆయనకు చెబుతున్నట్టుగా నాకు చెప్పాడు. "ఇంట్ల దర్వాజ కాడ్నే వడ్ల బస్తాలు, మంచం, పగ్గాలు అన్నీ పడేస్తే మనిషి లోపటికి ఎట్ల వస్తడు బాపూ? వెనక అంత పెద్ద అర్ర ఉన్నది. దాంట్లె పెట్టాలె గద?"

పెళ్లికూతురి తండ్రి "నిజమే సారూ" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. నా షాపులో నాకే ఇద్దరు సుద్దులు చెబుతున్నారు!

ముందు నా కార్డులన్నీ డీలోకి మార్చాడు. పనికిరాని చెత్త తీసేశాడు. ఆ కార్డు ప్రింటు ఇచ్చి పెద్దమనిషిని పంపేశాడు. ఆయన వెళ్లాక బొమ్మలు దిద్దే ప్రోగ్రామును సీలోంచి పీకేశాడు.

"ఇదే అన్నిట్ల పెద్దది. డీల ఎక్కిద్దాం."

"పీకుడెందుకు? ఉన్నదున్నట్టు ఎత్తి డీల పెట్టరాదు?"

"అట్ల పెడ్తే నడువది. ఎక్కిచ్చేటప్పుడే చెప్పాలె, నీ జాగ ఇది అని. నువ్వే ఎక్కియ్యి, నేను చూస్త." చేతులు వెనక్కి కట్టుకుని నా వెనక నిలబడ్డాడు.

నేను నెక్స్ట్, నెక్స్ట్, నెక్స్ట్ కొట్టాను. అయిపోయింది. గర్వంగా వెనక్కి తిరిగాను.

"ఎక్కడ పోయింది?" అన్నాడు.

చూస్తే సీలోకే పోయింది. మళ్లీ పీకించాడు. మళ్లీ ఎక్కించాను. మళ్లీ సీలోకే పోయింది. చేయి దానంతటదే నెక్స్ట్ మీద పడుతోంది, నేనేం చేసేది!

"నడుమ అది నిన్నొకటి అడిగింది. చదివినవా?"

"ఎవరు చదువుతరన్నా అదంత! పని కావాలె గని."

మూడోసారి తన జేబురుమాలు తీసి మౌసు మీద కప్పేశాడు. ఒక్కో పేజీకి ఒక్కోసారి తీస్తూ, చదవమంటూ, మళ్లీ కప్పుతూ వచ్చాడు. చివరికి ఒక పేజీ దగ్గర ఆగమన్నాడు.

"ఇగో, ఇది. నన్ను ఎక్కడ పెడ్తవు అని అడుగుతున్నది. అదే ముందుగాల సీ అని రాస్కొని ఉంటది. నువ్వేం అనకపోతే, సరే తియ్ అని అండ్లకే పోతది. సీ కొట్టేసి డీ అని రాయి."

రాశాను. ఈసారి డీలోకి పోయింది. పదో తరగతి పాసైనట్టు నా తల నిమిరాడు.

"ఒక్కసారే అడుగుతది చెల్లె. ఆ పేజీ దాటినంక మళ్ల అడగది. ఇగ యాదికి పెట్టుకో, డీల పెట్టినా కొంత సామాను సీలనే పడేస్తది. దాని బుద్ధి అది. ఎప్పుడన్న విండోస్ ఖరాబైతే ప్రోగ్రాంలు మళ్ల ఎక్కియ్యాలె. నీ కార్డులు మాత్రం యాడికి పోవు."

నేను ఒక నెల రోజులు బుద్ధిగా చదివి చదివి నొక్కాను. తర్వాత మామూలే. ఆయన వచ్చి చూసేసరికి సీ మళ్లీ ఎర్రగా ఉండేది. తిట్టేవాడు కాదు. నా వైపు చూసి "మళ్లనా?" అనేవాడు అంతే. కూర్చుని ఒక్కొక్కటీ డీలోకి సర్దేవాడు. ఆయన ఉన్నాడు కదా అని నా ధీమా. ఇప్పుడు ఒప్పుకుంటున్నాను, సర్దేవాడు ఒకడుంటే నాలాంటిదానికి ఒళ్లు వంగదు.

కామారెడ్డిలో స్టేషన్ రోడ్డు పక్క సందులో ఆయనకు చిన్న షాపుండేది. ఒకసారి పోయాను. రెండు మంచాలు పట్టేంత గది. నేల నుంచి కప్పు దాకా పాత డబ్బాలు, తీగలు. కానీ ఏది అడిగితే అది చూడకుండానే చెయ్యి చాపి తీసేవాడు. ఇద్దరం కూర్చునే చోటు లేక నన్ను కుర్చీలో కూర్చోబెట్టి తను గడపలో నిలబడ్డాడు. రెండేళ్ల కింద ఆ గది ఓనరు పాతదంతా కూలగొట్టి కాంప్లెక్సు కట్టించాడు. కొత్త కాంప్లెక్సులో అన్నీ మొబైల్ షాపులే. ఈయన సంచి భుజానికి తగిలించుకుని బస్సుల మీద పడ్డాడు. ఇవాళ ఇటు, రేపు అటు. వేసవిలో బస్సు దిగి మా మెట్లెక్కేసరికి అంగీ వీపుకు అంటుకుపోయి ఉండేది. నేను నీళ్లిచ్చేదాన్ని. నీళ్లు ఇవ్వడం వరకు నేను మంచిదాన్నే.

మిగిలింది చెప్పడమే కష్టం.

సర్పంచ్ ఎన్నికల రోజులు. షాపులో కాలు పెట్టే చోటు లేదు. ఒకడు తన ఫోటో పెద్దగా కావాలంటాడు, ఇంకొకడు తన గుర్తు పక్కవాడి గుర్తు కంటే చిన్నగా వచ్చిందని లొల్లి పెడతాడు. ఆ రోజు ఆయన పొద్దున వచ్చి జిరాక్సు మిషిన్ చూస్తున్నాడు. మధ్యాహ్నం నేను ఇంటికి పోయి నాలుగు మెతుకులు తిని వస్తానంటే, "పోయిరా చెల్లె, నేనున్న గద" అన్నాడు. తిరిగి వచ్చేసరికి నా కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. నేను కూర్చుని మళ్లీ కరపత్రం మీద పడ్డాను. నెత్తి మీద ముగ్గురు అభ్యర్థులు.

ఆయన తెర వైపు ఒకసారి, కిటికీ వైపు ఒకసారి చూశాడు. తర్వాత అన్నాడు.

"చెల్లె, ఆ కిటికీ కాడి మూల ఉన్నది గద. ఆ డబ్బాలు జర పక్కకు జరిపితే ఒక చిన్న టేబుల్ పడ్తదేమో. రోజూ ఈడ్నే కూసుంట. నీ మిషిన్లు గూడ చూస్కుంట. ఈ బస్సులు ఇగ నాతోని అయితలేవు."

"చూద్దాం అన్నా. ఎలక్షన్లు అయిపోనీ," అన్నాను.

తల తిప్పి చూడలేదు. తెర మీదే చూస్తూ అన్నాను.

"సరే, సరే. నీ పని చూస్కో," అన్నాడు. నా చేతి పక్క నుంచి వంగి మౌసు పట్టుకుని కిందున్న ఏదో పేజీ మూసేశాడు. నీళ్లు తాగి గ్లాసు బోర్లించి పోయాడు.

ఆ తర్వాత రెండుసార్లు వచ్చాడు. మళ్లీ అడగలేదు.

మరిచిపోయానంటే అబద్ధమవుతుంది. గుర్తుంది. ఆ మూలలో ఉన్నవి పాత పెళ్లి కార్డుల నమూనాలు, కాగితం వచ్చిన ఖాళీ అట్టపెట్టెలు, చచ్చిపోయిన రెండు ప్రింటర్లు. పనికొచ్చేది ఒక్కటి లేదు. అయినా నా మనసు ఒప్పలేదు. రోజంతా ఒక మనిషి పక్కన కూర్చుంటే నేను కసురుకోవడానికి, కాళ్లు చాపుకోవడానికి వీలుండదనుకున్నాను. ఆడమనిషి షాపులో మగమనిషి టేబుల్ వేస్తే బస్టాండులో ఏమనుకుంటారో అనుకున్నాను. చెల్లె అని నోరారా పిలిచే మనిషి గురించి ఆ ఆలోచన! మళ్లీ అడిగితే అప్పుడు చెబుదాంలే అనుకున్నాను. అడిగినవాడు మళ్లీ ఎందుకు అడుగుతాడు? ఆయనకూ అభిమానం ఉంటుంది కదా.

పోయిన నెల ఆయన బావమరిది ముందు కూర్చుని, ఎన్నాళ్లకో నాకు నేనుగా డీ తెరిచాను. టెస్ట్ అన్న డబ్బా కనబడింది. అందులో ఫోటో ఉంది. మా స్కానరు పక్కన కూర్చుని, నవ్వాలా వద్దా అని తేల్చుకోలేనట్టు ఉన్న మొహం. బావమరిది చూసి కళ్లు తుడుచుకున్నాడు. "ఇదే అక్కా, ఇదే పెట్టు" అన్నాడు.

ఫోటో కింద ఇంకొక ఫైలుంది. ఏదో టెస్టు ప్రింటు అనుకుని తెరిచాను.

అది ఒక బోర్డు. నీలం మీద తెల్లటి తెలుగు అక్షరాలు. "ఇచ్చట కంప్యూటర్లు, ప్రింటర్లు రిపేరు చేయబడును." దాని కింద ఆయన పేరు. దాని కింద మా షాపు పేరు, బస్టాండు వెనక, ఎల్లారెడ్డి. అన్నిటికంటే కింద, చిన్న అక్షరాల్లో, "లోపల, కిటికీ పక్కన."

ఎప్పుడు చేసిందో కంప్యూటరే చూపించింది. ఎన్నికల కరపత్రాల రోజు, మధ్యాహ్నం. నేను అన్నానికి పోయిన సమయం. నాకు చూపిద్దామని తెర మీద తెరిచి ఉంచుకుని, నేను వచ్చి కూర్చుని తల ఎత్తకపోతే, ఆయన వంగి మూసేసింది దీన్నే.

"ఏంది అక్కా అది?" అన్నాడు బావమరిది. తను నిలబడ్డ చోటి నుంచి సరిగా కనబడలేదు.

"ఏం లేదు. పాతది," అని మూసేశాను. నా నోటికి నిజం రాలేదు. పాపిష్టి నోరు.

అతను తనలో తను మాట్లాడుకుంటున్నట్టు చెప్పుకుపోయాడు. "హైదరాబాద్‌ల ఆరుగురు ఒక్క రూమ్‌ల ఉండిరి. గోదాంల డబ్బాలు మోసుడు పని. యాభై దాటిన మనిషికి గా పనేంది అక్కా? ఎల్లారెడ్డిల జాగ దొరుకుతదని మస్తు ఆశ పడ్డడు. మా అక్కతోని టేబుల్ గూడ తుడిపిచ్చి పెట్టుకుండు. మరి ఎందుకో కుదరలే. ఎందుకు కుదరలే అని మా అక్క అడిగితే, వాళ్లకే జాగ సరిపోతలేదు పాపం అన్నడట."

నేను కార్డు దిద్దుతూనే ఉన్నాను. తారీఖు తప్పు కొట్టాను, దిద్దాను, మళ్లీ తప్పు కొట్టాను. కార్డులు ప్రింటు తీసి, కట్ట కట్టి, చేతికిచ్చాను. అతను దండం పెట్టి, "మా బావ మీ గురించి మంచిగ చెప్పేటోడు అక్కా" అని మెట్లు దిగి పోయాడు.

ఆ మధ్యాహ్నం షటరు సగం దించాను. కొంగు నడుముకు చుట్టి కిటికీ దగ్గరి మూల ఖాళీ చేశాను. పాత నమూనాలు చిత్తు కాగితాలవాడికి వేశాను, చచ్చిన ప్రింటర్లు బయట పెట్టాను, అట్టపెట్టెలు తొక్కి మడిచి కట్ట కట్టాను. కిటికీ గూట్లో ఒక గ్లాసు బోర్లించి ఉంది, దుమ్ము పట్టి. దాన్ని మాత్రం కదపలేదు. నేల ఊడ్చి, తడిబట్టతో తుడిచి, అక్కడే చతికిలబడి ఏడ్చాను.

మొత్తం అరగంట పట్టింది. ఒక టేబుల్ పడుతుంది. పక్కన కుర్చీ కూడా పడుతుంది.